లైవన్న నన్ను గొప్పవాణ్ణి చేసిన వైనం

మా ఎదురింటి లైవన్న వల్ల నా షాపు ముందు జాగా పోయింది. రోజూ ఫోనులో లైవ్ పెడతాడని వాడికి ఆ పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గాని దాన్ని ఇప్పుడు వాడి పెళ్ళాం కూడా వాడదు. వాడు నాకు తోడల్లుడు. నా భార్య చెల్లెల్ని చేసుకున్నాడు. వయసులో నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. వాడి వల్ల నేను నష్టపోయానని ఎవరితో అన్నా, "అదేంటి మావయ్యా, ఆయన నిన్ను ఆకాశానికెత్తాడుగా!" అంటారు. ఎత్తాడు, నిజమే. ఎత్తేటప్పుడు కాళ్ళ కింద నుంచి ఏం పోయిందో ఎవరికీ పట్టలేదు. అందుకే రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, రాయడం నాకు అలవాటు లేదు. అయినా వాడిలా ఫోను ఎత్తి పట్టుకుని వాగడం కన్నా ఇదే నయమనిపించింది.

నాది కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే షాపు. మాడిన రాగి తీగ ఊడదీసి, గాడులు శుభ్రం చేసి, కొత్త కాగితం పెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాను. షాపు వెనకే ఇల్లు. షాపు లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే. అందుకని పని చాలావరకు ముందున్న జాగాలోనే జరిగేది. అక్కడ ఒక సిమెంటు తొట్టి ఉండేది, బోరు మోటార్లను నీళ్ళలో ముంచి పరీక్షించడానికి. పక్కన రెండు బల్లలు. ఆ జాగా రోడ్డుది కాదు. మా నాన్న డబ్బు పోసి కొన్నది, కాగితాల్లో ఉన్నది.

ఆ బల్లల మీదే మా వీధి గొడవలన్నీ తేలేవి. నీళ్ళు రాకపోయినా, దీపం వెలగకపోయినా, చెత్తబండి ఎగ్గొట్టినా జనం నా దగ్గరికే వచ్చేవారు. "మావయ్యా, ఆఫీసులో ఓ మాట చెప్పు" అనేవారు. చెప్పేవాణ్ణి. దానికి నా పద్ధతి నాకుంది. పురపాలక ఆఫీసులో ఎవరింట్లో మోటారు కాలినా నా దగ్గరికే వస్తుంది. ఇంజినీరు గారి మోటారు వచ్చిందంటే ఒక్క పూటలో చుట్టేసి ఊరుకుంటాను, ఇవ్వను. ఇంట్లో నీళ్ళు లేక, ఆవిడ నోరు భరించలేక ఆయనే దిగొస్తాడు. బల్ల మీద కూచోబెట్టి టీ ఇప్పించి, "వార్నిష్ ఆరాలి సార్. వానలు కదా, మా వీధిలో కూడా ఏదీ ఆరట్లేదు" అనేవాణ్ణి. ఆయనకి అర్థమయ్యేది. "సరేలేవయ్యా, పంపిస్తాను మనుషుల్ని" అని నవ్వేవాడు. సాయంత్రానికి వాళ్ళింట్లో మోటారు తిరిగేది, మర్నాడు మా వీధిలో కాలువ తీసేవారు. ఇరవై ఏళ్ళు ఇలాగే నడిచింది. ఎవరికీ లంచం ఇవ్వలేదు, ఎవరినీ తిట్టలేదు, ఎవరికీ డప్పు కొట్టి చెప్పుకోలేదు.

లైవన్న పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక వాణ్ణి పిలిచేవాళ్ళు తగ్గారు. ఖాళీగా ఉండేవాడు. అప్పుడు వాడంటే నాకు ఇష్టంగానే ఉండేది. మా బల్ల మీద ఓ చివర కూచుని, నేను చెప్పేది వింటూ, నేను ఇప్పించిన టీ తాగుతూ ఉండేవాడు. అలా ఉన్నంతకాలం మంచివాడే.

ఒక వానకి మా వీధి పల్లపు చివర మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నేను అప్పటికే పనిలో ఉన్నాను. అంటే, ఇంజినీరు గారి మోటారు నా దగ్గరే ఉంది, ఆరుతోంది. ఈలోగా వీడు ప్యాంటు పైకి మడిచి, ఆ నీళ్ళ నడుమ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"నమస్కారం అండీ. ఇది మా వీధి. ఇది మా స్విమ్మింగ్ పూలు. టికెట్ లేదు, సబ్బు మాత్రం మీరే తెచ్చుకోవాలి, రండి."

అంతే అన్నాడు. అంతకన్నా గొప్ప మాట ఒక్కటీ లేదు అందులో. సాయంత్రానికి నీళ్ళు తోడే బండి వచ్చింది. దాని వెనక ఇంజినీరు గారు బూట్లు తడుపుకుంటూ వచ్చారు. నా షాపు ముందు నుంచే వెళ్ళారు. నా వైపు చూడలేదు. తన మోటారు నా దగ్గరుందన్న సంగతే ఆయనకి గుర్తులేదు. మర్నాడు దాన్ని నేనే మోసుకెళ్ళి ఇచ్చొచ్చాను.

మోటారులో రెండు చుట్ల మధ్య పూత పోయిందనుకోండి. అది బయటికి బాగానే తిరుగుతూ ఉంటుంది. లోపల మాత్రం వేడెక్కుతుంది. ఎవరైనా చెయ్యి వేస్తే గాని తెలీదు. ఆ రోజు నుంచి నా పరిస్థితి అదే. వాడి వీడియోలన్నీ చూసేవాణ్ణి, ఎవరూ వినకుండా గొంతు తీసేసి. నోరు ఆడేది, పక్కన ఎర్ర గుండెలు పైకి లేచేవి. దీపం స్తంభం దగ్గర వాడు నిలబడితే గుండెలు. చెత్తకుప్ప దగ్గర నిలబడితే గుండెలు. కుక్కకి బిస్కట్ వేస్తే ఇంకా ఎక్కువ. ఎక్కడో ఉన్నవాడెవడో కింద రాశాడు, 'మీలాంటివాళ్ళు వీధికొకరు ఉండాలి' అని. నేను ఇరవై ఏళ్ళుగా వీధికి ఒకణ్ణి ఉన్నాను, ఆ మాట ఒక్కడూ రాయలేదు. రాయడానికి చోటే లేదాయె అప్పట్లో.

మరదలు మా ఇంటికి వచ్చి అక్కతో చెబుతుండగా విన్నాను.

"ఆయనకి ఎవరో మైకు పంపించారే అక్కా. కాలరుకు గుచ్చుకునేది. ఊరకనే!"

"ఊరకనే ఎందుకిస్తారు?" అంది నా భార్య.

"అభిమానంట."

నాకు ఇరవై ఏళ్ళలో అభిమానంతో ఎవరైనా ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చారా అని ఆలోచించాను. ఇవ్వలేదు. పట్టుకెళ్ళినవాళ్ళు మాత్రం ఉన్నారు.

నెమ్మదిగా బల్లలు ఖాళీ అయ్యాయి. ఒకరోజు మా సందు మొదట్లో ఉండే పాలావిడ కుళాయి పైపు పగిలి, చేతిలో ఫోనుతో గబగబా వస్తోంది. నా దగ్గరికే అనుకుని లేచాను కూడా. ఆవిడ నన్ను దాటి ఎదురింటి మెట్లెక్కింది.

"ఏమ్మా, ఇటు కనపడట్లేదా?" అన్నాను.

"నీ దాకా ఎందుకులే మావయ్యా, చిన్న పని. నువ్వు పెద్దవాడివి, నిన్ను తిప్పడం ఎందుకు?"

పెద్దవాడివి అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

అయినా భరించాను. భరించలేనిది ఒకటే. ఒక వీడియోలో వాడు పల్లపు చివర నిలబడి, "ఇన్నేళ్ళుగా ఈ వీధిని పట్టించుకున్న నాథుడే లేడండీ" అన్నాడు. ఆ ఒక్కటీ నేను గొంతు పెట్టుకుని విన్నాను, నా ఖర్మ. నా టీ తాగినవాడు, నా బల్ల మీద కూచున్నవాడు ఆ మాట అన్నాడు. తర్వాత తెలిసింది, పైనున్న పెద్ద అధికారుల్ని అన్నాడట. నాథుడంటే అధికారట. నాకెవరు చెప్పారు? మా వీధి టైలర్ దగ్గరికెళ్ళి ఎలా చెయ్యాలో అడిగి, ఫోనులో వాణ్ణి అన్నిచోట్లా మూసేయించాను. వాడు ఏం పెట్టినా నాకు రాదు, నేను పెట్టింది వాడికి పోదు. వీధిలో ఎదురైతే తల తిప్పుకున్నాను. వాడు రెండుసార్లు "అన్నయ్యా" అని పిలిచి మూడోసారి మానేశాడు. ఇంట్లో కూడా చెప్పేశాను.

"వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు."

ఓ నెల తర్వాత భోజనం దగ్గర నా భార్య మొదలుపెట్టింది.

"ఏమండీ, ఆ కాలువ సంగతి మరిది ఏదో చెబుతున్నాడు..."

"వాడి పేరు ఎత్తొద్దన్నానా?"

"పేరెక్కడ ఎత్తాను? మరిది అన్నాను."

"వరస కూడా ఎత్తొద్దు."

"మన మంచికే చెబుతున్నాడండీ బాబూ."

"వాడి మంచి వాడినే దాచుకోమను. నీళ్ళు పొయ్యి."

పోసింది. మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడకి కోపం వస్తే నోరు కట్టేసుకుంటుంది, అది ఆవిడ పద్ధతి.

కాలువ సంగతి నాకు టైలర్ చెప్పాడు. వాడొక్కడే ఇంకా నా బల్ల మీద కూచునేవాడు, వాడి కుట్టుమిషను మోటారు తరచూ మాడేది కాబట్టి.

"నీళ్ళు నిలవకుండా చెయ్యడానికి డబ్బు వచ్చిందంట మావయ్యా. రెండు దారులున్నాయంట. ఒకటి, రోడ్డు నడిమధ్య తవ్వి లోపల పెద్ద పైపు వెయ్యడం. రెండోది, రోడ్డు అంచున వెడల్పు కాలువ కట్టి పైన పలకలు పరవడం. ఏది కావాలో వీధివాళ్ళనే తేల్చుకోమన్నాడంట ఇంజినీరు. లైవన్న ఫోనులో ఓటింగ్ పెట్టాడు. ఆదివారం దాకా టైముంది."

"వాడేమంటున్నాడు?"

"పైపే మంచిదంటున్నాడు. చాలాసేపు చెప్పాడులే, ఇంజినీరు కూడా ఉన్నాడు పక్కన. నేను సగమే చూశాను, మిగతాది..."

"సగం చాలు" అన్నాను.

నాకు అప్పటికే అంతా అర్థమైపోయింది. మా వీధిలో కాలువంటే ఎప్పటినుంచో ఎదురు వరస వెంట ఉన్న చిన్న కాలువే. అంచు అంటే ఆ అంచే. దాన్ని వెడల్పు చేస్తే ముందుగా పోయేది లైవన్న ఇంటి మెట్లు. పోయినేడే నున్నటి రాయి పరిపించాడు వాటికి, ఆ మెట్ల మీదే నిలబడి రోజూ వీధికి నీతులు చెబుతాడు. అదీ సంగతి. తన మెట్లు కాపాడుకోవడానికి వీధంతా తవ్వించేస్తాడన్నమాట. నా ఒంట్లో మంట అంతా ఒక్కసారి చల్లబడినట్టయింది. ఇన్నాళ్ళకి దొరికాడు.

ఫోనులో మాట్లాడటం నాకు రాదు. ఇంటింటికీ వెళ్ళడం వచ్చు. ప్రతి గడపా ఎక్కాను. ఏ ఇంట్లో ఏ మోటారు ఉందో నాకు తెలుసు, దాన్ని గురించి మొదలుపెట్టి కాలువలోకి దిగేవాణ్ణి.

"మధ్యలో తవ్వితే మూడు నెలలు బళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు? దుమ్ము ఎవరు తింటారు? పెద్దావిడకి ఆయాసం, ఆటో గుమ్మం దాకా రావాలా వద్దా? అంచు కాలువైతే నెలలో అయిపోతుంది. వీధికి అదే మంచిది."

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. జనం శ్రద్ధగా వినేవారు. విన్నాక నా మొహంలోకి అదోలా చూసేవారు. పాలావిడ అయితే పాల కొలత గిన్నె కింద పెట్టేసింది.

"మావయ్యా, బాగా ఆలోచించుకునే చెబుతున్నావా?"

"ఆలోచించకుండా ఏ రోజైనా చెప్పానా?"

"అది కాదు. నీకు ఇబ్బంది లేదా?"

"నాకేమిటమ్మా ఇబ్బంది? వీధి బాగుంటే చాలదా?"

ఆవిడ తడి చెయ్యి తుడుచుకుంది. "నీ గుండె పెద్దది మావయ్యా. నేను ఏదేదో అనుకున్నాను నీ గురించి" అని ఫోను తీసి, నా ఎదుటే అంచు కాలువ మీద నొక్కింది.

రిటైరైన లెక్కల మాస్టారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నువ్వు ఇలా చేస్తావనుకోలేదయ్యా. నేనైతే చెయ్యలేను."

సొంత తోడల్లుడికి ఎదురు తిరిగానని మెచ్చుకుంటున్నారనుకున్నాను. "బంధుత్వాలు చూసుకుంటే వీధి పనులు ఎలా అవుతాయి మాస్టారూ?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకది కొంచెం ఎక్కువనిపించింది గాని, బాగానే ఉంది.

ఎక్కడ నొక్కాలో తెలియని ముసలివాళ్ళు ఫోను నా చేతిలోనే పెట్టేవారు. "నువ్వే కానివ్వు నాయనా" అనేవారు. వాళ్ళ ఎదురుగానే నొక్కేవాణ్ణి. ఆ వారమంతా నా బల్లలు మళ్ళీ నిండాయి. వచ్చినవాళ్ళు ఊరికే వచ్చి కూచునేవారు, తొట్టిని తట్టి చూసేవారు, "ఎన్నేళ్ళదో కదా మావయ్యా ఈ తొట్టి" అనేవారు. నేను టీలు చెప్పేవాణ్ణి. ఎదురింటి మెట్ల మీద లైవన్న ఒంటరిగా ఫోను చూసుకుంటూ ఉండేవాడు. వాణ్ణి అలా చూస్తుంటే నాకు ఎన్నాళ్ళ నుంచో లేని ఆకలి వేసింది.

ఆదివారం అంచు కాలువ గెలిచింది. కొంచెం తేడాతో కాదు, పైపుకి పట్టుమని పదిమంది కూడా మిగల్లేదు. టైలర్ పరుగెత్తుకొచ్చి చెప్పాడు. నేను లేచి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. లైవన్న తన మెట్ల మీద నుంచి నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఓడిపోయి పెడుతున్నాడనుకున్నాను. తల కొంచెం ఊపి ఊరుకున్నాను, గెలిచినవాడు మరీ ఎక్కువ చేయకూడదని.

కొలతలకి ఇంజినీరు వచ్చిన రోజు ఉతికిన చొక్కా వేసుకున్నాను. వీధంతా బయటే ఉంది. లైవన్న ఫోను అప్పటికే పైకి లేచి ఉంది, కాలరుకు ఆ ఊరకనే వచ్చిన మైకు. నేను రోడ్డు దాటి వాడి మెట్లకి కొంచెం ఇవతల నిలబడ్డాను, సున్నం గీత దగ్గర్నుంచి చూద్దామని. టేపు పట్టుకున్న మనిషి, సున్నం గిన్నె పట్టుకున్న మనిషి నా పక్కనుంచి దాటి అవతలకి వెళ్ళారు. వెళ్ళి నా తొట్టి దగ్గర వంగారు.

నేను ఇంజినీరు దగ్గరికి నడిచాను. "సార్, అటు కాదు. కాలువ ఉన్నది ఇటు కదా."

"ఇటా?" అన్నాడాయన.

"ఇటే. వీళ్ళ మెట్ల వైపు."

ఆయన నవ్వాడు. "ఈ రోజు కూడా జోకులేనా మోటారాయనా? ఇటు భూమిలో పెద్ద కరెంటు కేబుల్ పోయినేడేగా వేశారు. గునపం తగిలితే మనిషి మిగలడు. మీ తమ్ముడి వీడియోలో నేనే నిలబడి చెప్పానుగా, కాలువైతే మీ షాపు ముందు జాగాలోంచే పోవాలని. పాపం మీ తమ్ముడు దానికోసమే పైపు, పైపు అని నా ప్రాణం తీశాడు. మీరేమో ఇంటింటికీ తిరిగి కాలువే కావాలన్నారు!"

పోయినేడు ఆ వైపు ఏదో తవ్వి పూడ్చారని నాకు తెలుసు. ఇంటర్నెట్ తీగలనుకుని మొహం తిప్పుకున్నాను.

చుట్టూ చూశాను. పాలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, జెండా ముందు నిలబడినట్టు. అందరికీ తెలుసు. వీధంతా చూసింది ఆ వీడియోని, నేను తప్ప. వాళ్ళ మొహాల్లో అన్నాళ్ళుగా నేను చూసిన మర్యాద ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. సొంత జాగా వదులుకోవడానికి గడప గడపా ఎక్కి బతిమాలుకున్న పిచ్చి మారాజుని చూస్తున్నారు వాళ్ళు.

లైవన్న నా పక్కకి వచ్చాడు.

"చూడండండీ, ఈయన మా అన్నయ్య. అన్నయ్య షాపు పోకూడదని నేను పైపు అన్నాను. స్వార్థమే, ఒప్పుకుంటున్నాను. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. నా స్వార్థం నచ్చక మానేశారు. నా షాపు పోయినా ఫర్వాలేదు, వీధి బాగుండాలి అని ఇల్లిల్లూ తిరిగి నన్ను ఓడించారు. ఇలా ఓడిపోవడం..."

నిజంగానే ఏడుస్తున్నాడు. వాడు నటించి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఫోనులోని అద్దాన్ని నా వైపు తిప్పాడు. అందులో నేను ఉన్నాను. ఉతికిన చొక్కా, కంగారు మొహం. పక్కనుంచి ఎర్ర గుండెలు పైకి పోతున్నాయి, వాడు కుక్కకి బిస్కట్ వేసిన రోజు కన్నా గుబురుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి. ఒక్క మాట అంటే చాలు. 'నాకు తెలీదు, నేను చూడలేదు, ఈ ఓట్లు చెల్లవు' అంటే అయిపోతుంది. జాగా మిగులుతుంది. తర్వాత? వీధి కళ్ళు తుడుచుకుని నవ్వుతుంది. ఎదురింటివాడి మీద కుళ్ళుతో ఏం జరుగుతోందో చూసుకోకుండా తిరిగాడని తెలుస్తుంది. నా కోసం పోరాడింది లైవన్న అని తెలుస్తుంది. ఆ గుండెలన్నీ గంపగుత్తగా వాడికే పోతాయి.

ఇంజినీరు కాగితం చాపాడు. "జాగా ఇవ్వడానికి ఇక్కడ సంతకం. పరిహారం అడగడానికి ఈ కింద ఇంకొకటి."

"రెండూ పెట్టన్నయ్యా" అన్నాడు లైవన్న. "పరిహారం తీసుకో. అది నీ హక్కు."

వాడు అనకుండా ఉంటే పెట్టేవాణ్ణేమో. వాడు చెబితే తీసుకోవాలా నేను? అందరి ముందూ, అంతమంది చూస్తుండగా, నా హక్కు ఏదో వాడు నాకు నేర్పాలా?

"వీధి నాది" అన్నాను. "నా వీధి దగ్గర నేను డబ్బు పుచ్చుకోవడం ఏమిటి?"

పైన సంతకం పెట్టి, కిందది కొట్టేశాను. చప్పట్లు మోగాయి. మాస్టారు గట్టిగా నా పేరు చెప్పి జై అన్నారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. వాళ్ళంతా వెళ్ళేదాకా నేను బాగానే ఉన్నాను.

ఇంట్లోకి వచ్చాక నా భార్య గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"నిజం చెప్పండి. మీకు తెలీదు కదా?"

"నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"చెప్పబోతే వరస కూడా ఎత్తొద్దన్నారు. తర్వాత వీధిలో అందరూ మెచ్చుకుంటుంటే, తెలిసే చేస్తున్నారేమో, మా ఆయన ఇలాంటివాడని నాకే ఇన్నాళ్ళు తెలియలేదేమో అనుకున్నాను." గుమ్మం నుంచి పక్కకి జరిగి, "రెండు రోజులు సంతోషించాను కూడా" అంది.

అది నాకు చప్పట్ల కన్నా గట్టిగా తగిలింది.

ఎదురింటికి వెళ్ళాను. లైవన్న నన్ను చూసి పరుగున వచ్చి కుర్చీ వేశాడు. కూచోలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏంటన్నయ్యా?"

"నా జాగా పోతుందని నాకెందుకు చెప్పలేదు?"

వాడు వెర్రి మొహం వేశాడు. "చెప్పానుగా. నాలుగు వీడియోలు చేశాను దాని మీదే."

"ఎవరికి చేశావు?"

"అందరికీ."

"నాకు చెప్పావా అంటున్నాను. ఎదురుగా ఉన్నానా లేదా? రోడ్డు దాటి వచ్చి, 'అన్నయ్యా, నీ తొట్టి పోతుంది' అని ఒక్క ముక్క అనలేకపోయావా? ఊళ్ళో ఎవడెవడికో చెప్పావు. మొహం తెలియనివాడికి చెప్పావు."

"నువ్వు మాట్లాడట్లేదు కదన్నయ్యా. పిలిస్తే తల తిప్పేసేవాడివి. వీడియో అయితే చూస్తావనుకున్నాను." అప్పుడు వాడికి వెలిగింది. నోరు తెరిచి, "అంటే... చూడలేదా?" అన్నాడు.

మెట్లు దిగి వచ్చేశాను. వాడికి ఒక గొప్ప గుణం ఉంది, అది కూడా నాకు నచ్చదు: ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే వాడికీ నష్టమే అనుకోండి.

ఓ వారం పోయాక ఇంజినీరు ఆఫీసుకి వెళ్ళాను, ఆ కింద సంతకం ఇప్పుడు పెట్టొచ్చా అని. ఆయన ఫోను తీసి నా ముందు పెట్టాడు. "నేను పెట్టించుకుంటాను మోటారాయనా, నాదేం పోయింది? కానీ మీరు వద్దన్నది ఇంతమంది చూశారు. రేపు ఎవడో ఒకడు ఇది పక్కన పెట్టి, అది పక్కన పెట్టి, ఈ ముసలాయన డబ్బు తీసుకున్నాడని చూపిస్తాడు. మీ పరువే పోతుంది." ముసలాయన అన్నాడు. వాళ్ళింటి మోటారు మొన్న మళ్ళీ కాలింది. రెండో పూటకే ఇచ్చేశాను. ఏం దాచుకుని ఏం లాభం?

ఆ వేసవిలో వార్డు సభ్యుడి ఎన్నికలు వచ్చాయి. లైవన్న నిలబడ్డాడు. వాడి ప్రచారం వీడియో నేను సంతకం పెట్టడంతోనే మొదలవుతుంది. 'ఇలాంటి మనుషుల వీధి మాది' అని కింద అక్షరాలు. అక్కడి నుంచి అరక్షణంలో వాడి మొహం వస్తుంది, ఇక చివరిదాకా అదే. జనం నన్ను ఆపి, "మీరేనా ఆయన?" అని అడిగి, నాతో ఫొటో దిగి, వాడికి ఓటేశారు. వాడు గెలిచాడు. పాలావిడ ఇప్పుడు కుళాయి పోయినా, దీపం పోయినా వాడి దగ్గరికే వెళుతుంది. వెళ్ళేటప్పుడు నాకు దణ్ణం పెట్టి వెళుతుంది. అదొక్కటే తేడా.

కాలువ బాగానే కట్టారు. ఈ వానల్లో పల్లపు చివర చుక్క నిలవలేదు. మోటార్లు పరీక్షించడానికి నీళ్ళ బకెట్లు లోపలే పెట్టుకుంటున్నాను, అందులో పెద్ద మోటారు మునగదు, వాటిని వేరే షాపుకి పంపించేస్తున్నాను. షాపు గుమ్మం దిగితే నేరుగా పలకల మీద కాలు పడుతుంది. మా నాన్న ఆ జాగా కొన్నప్పటి కాగితాలు మొన్న తీసి చూసుకున్నాను. పోయింది పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు నాలుగున్నర. మొత్తం తొమ్మిది చదరపు గజాలు.